ఉరికి ఉరికి తెల్లబడ్డ పిల్ల

మా అత్తను నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు సులువు. అత్తంటే మా బాపుకు అక్క. సిద్దిపేటలో మా గల్లీ చివరి ఇల్లే ఆమెది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మా ఇంట్లో కూర్చుని నా రంగు చూసి పోతుంది. నా చదువు, నా ఆకలి, నా జ్వరం ఆమెకు పట్టవు. రంగు ఒక్కటే పడుతుంది.

కానిస్టేబుల్ ఉద్యోగానికి మొదటి పరీక్ష గట్టెక్కాక పరుగు మిగిలింది. ఆడపిల్లలకు ఎనిమిది వందల మీటర్లు. అది తప్పితే మళ్ళీ నోటిఫికేషన్ ఎప్పుడో ఎవరికీ తెలియదు. ఆలోపు నాకు పెళ్ళి చేసి పంపించేస్తారని మాత్రం నాకు తెలుసు. అందుకే రోజూ తెల్లవారగానే కాలేజీ గ్రౌండ్‌కు పోయేదాన్ని. మొదటి వారమే అత్త నోరు విప్పింది.

"అసలే మీ బాపు రంగు. ఎండల ఉరికితే ఇంకింత బొగ్గయితవ్ కోడలా. ఎవడు జేస్కుంటడు నిన్ను?"

అవ్వంటే మా అమ్మ. అవ్వ బీడీలు చేస్తుంది. ఒళ్ళో చాట, చేతిలో తునికాకు. ఎవరేమన్నా ఆమె వేళ్ళు ఆగవు.

కొన్ని వారాలకు ఒక వింత జరిగింది. ఎండలో ఉరుకుతున్న నేను తెల్లబడటం మొదలుపెట్టాను. నల్లటి మొహం మీద బూడిద అద్దినట్టు ఒక పాలిపోయిన రంగు. అత్త నా గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పి చూసింది. "అగో, రంగు దేలినవ్ గదనే. ఏం రాస్తున్నవ్?" అంది. ఏమీ రాయడం లేదంటే నమ్మలేదు. "అయితే ఉరుకు, ఉరుకు. చెమటకు మురికంత పోతున్నట్టుంది" అంటూ పక్కింటి వాళ్ళను పిలిచి మరీ చూపించింది. ఆ రోజు నుంచి నా పరుగుకు ఇంట్లో అడ్డు చెప్పేవాళ్ళు లేరు.

గ్రౌండ్‌లో మాత్రం పరుగు సాగడం లేదు. రెండో రౌండుకే గుండె గొంతులోకి వచ్చేది. గీత దాటి ఆగగానే కళ్ళు బైర్లు కమ్మేవి, చెవుల్లో హోరు, పెదవులు చల్లగా అయిపోయేవి. అక్కడే కూలబడేదాన్ని. శిక్షణ ఇచ్చే సార్‌కు తెలిసిన మందు ఒకటే, అరుపు. "లే, కూసోకు. యాక్టింగ్ జేస్తున్నవా? నాష్ట జేయకుంట వస్తే గిట్లనే అయితది." నేను నాష్టా చేసే వచ్చేదాన్ని. నెలనెలా నాకు ఎంత రక్తం పోతుందో అంతమంది మగపిల్లల ముందు, ఆ అరుపుల మధ్య ఆయనకు ఎలా చెప్పను?

ఒకరోజు ఆగకముందే పడిపోయాను. నాతో ఉరికే అమ్మాయి నీళ్ళు చల్లి, నా అరచేయి చూసి భయపడింది. "గీ చెయ్యేందక్కా, సున్నమేసినట్టుంది" అంది. ఆమే స్కూటీ మీద దవాఖానకు తీసుకుపోయింది.

డాక్టరమ్మ నా మొహం వైపు పెద్దగా చూడలేదు. కింది కనురెప్పను వేలితో లాగి చూసింది, నాలుక చూసింది, గోళ్ళు నొక్కి చూసింది. "ఉరికినోళ్ల మొఖం ఎర్రబారాలె, పాలిపోవద్దు. నల్లగున్నోళ్లకు మొఖంల తొందరగ తెల్వది. రెప్ప లోపల, అరచేతిల చూడాలె" అంది. పరుగు ఒక్కసారిగా ఆపితే రక్తం కాళ్ళలోనే ఉండిపోయి ఎవరికైనా కాస్త కళ్ళు తిరుగుతాయని, అందుకే ఆగకుండా కొంచెం నడవాలని చెప్పింది. నాది అంతటితో పోయేది కాదని రక్త పరీక్షలో తేలింది. "నీ పెయ్యిల రక్తమే లేదమ్మా. గిన్ని రోజులు ఎట్ల ఉరికినవ్?" అని అడిగింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. పుట్టినప్పటి నుంచి నా రంగుకు కాపలా కాసిన జనం, నిజంగా రంగు పోయిన రోజున మురిసిపోయి పక్కింటి వాళ్ళను పిలుచుకున్నారు.

రక్తం పట్టడానికి గోలీలు, నెలసరికి వేరే మందు ఇచ్చింది. తను చెప్పేదాకా ఉరకొద్దంది. నా అదృష్టం కొద్దీ పరుగు కొన్ని నెలలు వాయిదా పడింది. మెల్లగా మళ్ళీ మొదలుపెట్టాను. పరీక్ష రోజున గీత దాటాక కూలబడలేదు, నడుచుకుంటూ పోయి నా పేరు పిలిచేదాకా నిలబడ్డాను. అర్హత వచ్చింది.

ఆ సంతోషంతో ఇంటికి వస్తే అత్త అవ్వ పక్కన కూర్చుని ఉంది. పరుగు ఏమైందని అడగలేదు.

"మల్ల పాత రంగే పడ్డవ్. గా గోలీలు మింగితే గంతే. మీ అవ్వను సూడు, కాన్పులైనా ఎంత తెల్లగుందో."

చూశాను. డాక్టరమ్మ నన్ను చూసినట్టు చూశాను. మెట్లెక్కితే సగంలో కూర్చుండిపోయే అవ్వ. బిందె దించి గోడ పట్టుకుని నిలబడే అవ్వ. వయసు అనుకున్నాం, ఒంటి తీరు అనుకున్నాం, నేను కూడా. ఆమె ముందు కూర్చుని కింది రెప్ప లాగాను. లోపల ఎరుపన్నదే లేదు.

"నాకేంది బిడ్డ, నేనేమన్న ఉరుకుతున్ననా?" అంటూ నా చేయి తీసేసింది.

రేపు దవాఖానకు పోదాం, నీకూ ఇలాంటివే ఇస్తారు అంటూ నా గోలీలు చూపించాను. అవ్వ వాటిని చూసి గుర్తుపట్టింది. బీడీ చుట్టే వేళ్ళు ఆగాయి.

"గివే. నువ్వు కడుపుల ఉన్నప్పుడు గివే ఇచ్చిన్రు. మీ అత్త ఏస్కోనియ్యలే. నల్లటి పిల్ల పుడ్తదన్నది. అన్ని పెంటకుప్పల పారేసిన."

అత్త చాటలోని ఆకులు సర్దసాగింది. అవి సర్దే ఉన్నాయి. నేను లేవలేదు. చెమట ఆరని మొహంతో, ఉన్న నలుపంతటితో ఆమె ఎదురుగా జరిగి కూర్చున్నాను.

"అవ్వ గోలీలు ఏస్కోకుంటనే గదత్తా నేను పుట్టింది. సూడు" అన్నాను.

పుట్టినప్పటి నుంచి నా మొహం తప్ప ఏమీ చూడని మనిషి, ఆ పూట తల ఎత్తలేదు.