ఫెల్గేట్ గారి నవ్వు

ఆస్బర్ట్ ఫెల్గేట్ గురించి మా ఊళ్ళో ఎవరినడిగినా ముందు ఆ నవ్వు సంగతే చెబుతారు. సినిమాలో శవానికి ప్రాణం వస్తుంటే పిచ్చి డాక్టరు వేషంలో ఆయన నవ్వే నవ్వు. అది వినపడగానే సినిమా హాల్లో ఆడవాళ్ళు చేతిలో ఉన్న ఊలు అల్లికతో మొహం కప్పుకునేవారట. ఆ మహానుభావుణ్ణి నేను ఏడేళ్ళు దగ్గర్నుంచి చూశాను. స్టూడియోలో టీ బండి తోసేదాన్ని. నా పేరు విన్నీ ప్రాసర్. ఆయనగారికి మాత్రం నేను ‘టీ’నే. "ఏయ్ టీ, బిస్కెట్లు రెండేనా" అనేవాడు. అప్పటికి నాకు నలభై ఆరేళ్ళు.

థేమ్స్ ఒడ్డున లాంగ్‌మీడ్‌లో ఉన్న పాత దొరల బంగళాయే మా స్టూడియో. దాని వంటగది ప్రయోగశాల, గుర్రాలశాల శ్మశానం. ఏడాదికి నాలుగు దయ్యం సినిమాలు తీసేవాళ్ళు. నాలుగింట్లోనూ ఫెల్గేటే డాక్టరు, నాలుగింట్లోనూ తాను లేపిన శవం చేతిలోనే చచ్చేవాడు. అంత తెలివైన డాక్టరుకి ఒక్క సినిమాలోనైనా తలుపు గడియ పెట్టుకోవాలని తోచలేదు.

అసలు చదువంటారా, ఆయన గ్రిమ్స్‌బీలో చేపలమ్మేవాళ్ళ అబ్బాయి. గాజు కుప్పెలో కుతకుతలాడే పచ్చటి విషం నేను కలిపిన నిమ్మ షర్బతు. అయినా ఆ తెల్లకోటు విప్పకుండానే పబ్బుకి పోయేవాడు. ఒకనాడు మాంసం కొట్టు హార్గ్రీవ్ పెళ్ళాం మేజోడు కిందికి దించి, "డాక్టరు గారూ, వానొచ్చే ముందు ఈ మోకాలు పీకేస్తోందండీ" అంది. సిగ్గున్నవాడైతే "నేను డాక్టర్ని కాదమ్మా" అంటాడు. ఈయన వంగి, కళ్ళు మూసుకుని, రెండు వేళ్ళతో మోకాలు తట్టి, "ఎడమవైపు తిరిగి పడుకో" అన్నాడు. పైగా వారం తిరక్కుండానే నొప్పి తగ్గిందని ఆవిడ ఊరంతా చాటింది. ఆ ఊరికి ఆ డాక్టరే సరి.

ఇక ఆ నవ్వు. అది నాది.

మొదటి సినిమాలో శవం లేచేటప్పుడు నవ్వమన్నాడు డైరెక్టరు. ఫెల్గేట్ నోరు తెరిస్తే, కోడి గొంతులో గింజ అడ్డం పడ్డట్టు "క్కె, క్కె" అని వచ్చి ఆగిపోయేది. పద్దెనిమిదిసార్లు తీశారు. పంతొమ్మిదోసారి అంటించుకున్న కనుబొమ్మ ఊడి పెదవి మీద పడింది. అది నముల్తూనే ఆయన చేతులు పైకెత్తి నటిస్తున్నాడు. టీ బండి పట్టుకుని నిలబడ్డ నాకు ఆగలేదు. చిన్నప్పట్నుంచి సిగరెట్లు కాల్చిన గొంతు, అసలే మగరాయుడి గొంతు. పొట్ట పట్టుకుని నవ్వాను. సౌండు చూసే సిరిల్ యంత్రం ఆపలేదు. విన్న డైరెక్టరు, "ఇదే కావాలి నాకు" అన్నాడు.

ఆ తర్వాత ప్రతి సినిమాకీ నన్ను మైకు ముందు కూచోబెట్టి తెర మీద ఫెల్గేట్ నటన వేసేవాళ్ళు. నవ్వమని ఎవరూ చెప్పక్కర్లేదు, అది చూస్తే నవ్వు దానంతటదే వచ్చేది. ఎక్కడా నోరెత్తనని ఒట్టు వేయించుకుని, బహుమానంగా నా టీ బండికి కొత్త చక్రం వేయించారు.

ఇదంతా ఫెల్గేట్‌కి తెలుసు. తెలిసి కూడా పబ్బులో పొట్ట మీద చెయ్యేసుకుని, "నవ్వు ఇక్కణ్ణించి రావాలయ్యా, గొంతులోంచి కాదు" అని కుర్రనటులకి పాఠాలు చెప్పేవాడు. పక్క బల్ల దగ్గరే నేను. ఒక్కసారీ నా వంక చూసిన పాపాన పోలేదు. నాకు ఒళ్ళు మండిపోయేది.

యాభై తొమ్మిది జూన్‌లో స్టూడియో చేతులు మారింది. కొత్త యజమాని స్టకిలీ లండన్ మనిషి, అసలు గుట్టు తెలియనివాడు. చర్చి తోటలో జరిగే సంతకి ఫెల్గేట్ వచ్చి నవ్వుతాడని పాస్టరు గారు కాగితాలు అంటించారు. స్టకిలీ అది చూసి, "నేనూ వస్తా. ఆ నవ్వు నా చెవులతో వింటే ఇంకో మూడు సినిమాలు ఆయనకే. లేదంటే పడుచువాణ్ణి చూసుకుంటా" అన్నాడు. ఫెల్గేట్‌కి అరవై ఒకటి దాటాయి. ఇంకెవరు పిలుస్తారు ఆ మొహాన్ని?

చర్చి తోటలో కరెంటు లేదు. నా నవ్వు యంత్రంలోంచి వినిపించే దారి లేదు. సిరిల్ నా దగ్గరికొచ్చాడు.

"గుడారం వెనకాల నిలబడు విన్నీ. ఆయన నోరు తెరుస్తాడు, నువ్వు కానిచ్చెయ్."

"నేనెందుకు? ఆయనకి పొట్టలోంచి వస్తుందిగా."

"ముసలాడు రోడ్డున పడతాడే."

"పడనీ."

అన్నాను గానీ వెళ్ళాను. సాయం చేద్దామని కాదు. నోరు తెరుచుకుని మూగవాడిలా నిలబడితే చూద్దామని. ఆ ముచ్చట కోసమే పెదవులు బిగించి గుడారం గుడ్డ వెనక నిలబడ్డాను.

కేకుల బల్లలు, జామ్ సీసాలు, సన్నటి తుంపర. స్టకిలీ ముందు వరుసలో కూచున్నాడు. గుడారం ముందు చెక్కల వేదిక మీద తెల్లకోటుతో ఫెల్గేట్. షర్బతు పైకెత్తాడు, కళ్ళు తిప్పాడు, నోరు తెరిచాడు. నేను నవ్వలేదు. మనసులో నాలుగు దాకా లెక్కపెట్టాను. ఆయన నోరు అలాగే పెట్టుకుని ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ వచ్చాడు. వీపు గుడారానికి ఆనింది.

"ప్లీజ్, విన్నీ" అన్నాడు.

ఆ గొప్పింటి యాస లేదు. గ్రిమ్స్‌బీ చేపల బజారు గొంతు. నా పేరు ఆయనకి తెలుసని అప్పటిదాకా నాకు తెలియదు.

అప్పుడు నవ్వాలనుకున్నాను. నిజంగా అనుకున్నాను. ఆ కనుబొమ్మని తలుచుకున్నాను, మోకాలి వైద్యం తలుచుకున్నాను. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. ఏడేళ్ళూ ఆ మనిషిని చూసి అసహ్యంతో నవ్వాను. ఆ రోజు మాత్రం అసహ్యం వేయలేదు.

చివరికి ఆయనే నవ్వాడు. "క్కె, క్కె." జనం పగలబడి నవ్వారు. స్టకిలీ లేచి కేకుల బల్ల దగ్గరికి పోయి, సోంపు కేకు ఒకటి పొట్లం కట్టించుకున్నాడు.

పదిహేను రోజుల తర్వాత ఫెల్గేట్ ఊరొదిలి పోతూ, బస్టాపులో పెట్టె పట్టుకుని కనిపించాడు. తెల్లకోటు లేకపోతే ఎంత చిన్న మనిషో.

"కసి తీర్చుకున్నావుగా, టీ" అన్నాడు.

నిజం నాలిక చివరి దాకా వచ్చింది. నీ మీద జాలేసి నవ్వు రాలేదయ్యా అని చెప్పొచ్చు. కానీ ఆ మాట విన్నాక ఇక ఆ మనిషి తలెత్తుకుని బతకలేడు.

"తీర్చుకున్నాను, ఫెల్గేట్ గారూ" అన్నాను.

"అనుకున్నాను" అన్నాడు. టై సర్దుకుని, నడుం నిటారుగా పెట్టి బస్సెక్కాడు.