ఎర్గష్ మాష్టారి రెండో ప్రయాణం

తెల్లవారగానే ఎర్గష్ మాష్టారు అరుగు మీద కూర్చుని "ఓయ్‌దిన్" అని ఒక్క కేక వేసేవాడు. ఆ కేకకి రెండు గొంతులు పలికేవి. వంటింట్లోంచి భార్య హుల్కర్ "లబ్బై", అంటే "ఆఁ, వస్తున్నా", అనేది. ద్రాక్షపందిరి కింద మొహం కడుక్కుంటున్న కూతురు ఓయ్‌దిన్ కూడా "లబ్బై" అనేది. "పెద్దదాన్ని పిలిచాను" అంటే హుల్కర్ టీ పట్టుకొచ్చేది. "చిన్నదాన్ని" అంటే కూతురు తడి మొహంతోనే పరుగెత్తుకొచ్చి తండ్రి పక్కన చేరేది. రోజూ ఇదే ఆట. మార్గిలాన్ పట్నంలో మా పాతపేటలో పెళ్లాన్ని పేరుపెట్టి పిలిచే మగవాడు లేడు. బిడ్డ పుట్టేదాకా "ఇదిగో", "వింటున్నావా". పుట్టాక ఆ బిడ్డ పేరే తల్లికీ పేరు.

తరవాత ఆ కేక ఆగిపోయింది. మాష్టారు నిద్రలేచి దగ్గేవాడు. ఆ దగ్గు విని హుల్కర్ టీ తెచ్చేది. దగ్గు వినపడని రోజున కెటిల్ పొయ్యి మీద మరిగి మరిగి సగమైపోయేది.

ఎర్గష్ తండ్రి పట్టుదారానికి రంగులద్దేవాడు. చిన్నప్పుడు ఎర్గష్ వేళ్లు ఎప్పుడూ నీలంగా ఉండేవట. ఆ నీలం వేళ్లతోనే లెక్కలు చేసి చేసి మాష్టారయ్యాడు. పేట బడిలో చాలాకాలం చెప్పాడు. ఎవరిల్లు కడుతున్నా ఇటుక లెక్క ఆయన్నే అడిగేవారు, పెళ్లి పలావుకి బియ్యం లెక్క కూడా. తరవాత కజకిస్తాన్‌లో ఉత్తరాన ఒక గనుల పట్నంలో ప్రైవేటు స్కూలువాళ్లు పిలిస్తే వెళ్లాడు. కూతుర్ని డాక్టరు చదివించాలని ఆయన పట్టుదల. అక్కడ చలికి కనురెప్పలు అతుక్కుపోతాయని ఫోన్లో చెప్పేవాడు. ఓయ్‌దిన్ నవ్వి నవ్వి కిందపడేది.

వసంతం మొదట్లో ఆ పిల్లకి జ్వరం వచ్చింది, తలకెక్కింది. కబురు వెళ్లేసరికి మాష్టారు పరీక్ష క్లాసులో బోర్డు ముందున్నాడు. ఫోన్ విన్నాడు. చేతిలో సుద్దముక్క కోటు జేబులో వేసుకుని గదిలోంచి బయటికి నడిచాడు. ప్రిన్సిపాల్ గది ముందునుంచే వెళ్లాడు గాని లోపలికి తొంగిచూడలేదు. బట్టలు, పుస్తకాలు, స్కూలు బీరువాలో డిప్లొమా, అన్నీ అక్కడే. ఆయన ఇల్లు చేరేసరికి పిల్లని మట్టి చేసేశారు. పొద్దుగూకేలోగా చేసెయ్యాలి కదా, ఎవరి కోసమూ ఆగరు.

ఆ దుఃఖం దినాల్లోనే ప్రిన్సిపాల్ తులెగెన్ దగ్గర్నుంచి ఫోన్లు వచ్చాయి. మాష్టారు ఎత్తకపోతే హుల్కర్‌కి చేసేవాడు. మొదట కేకలు వేశాడు. పరీక్ష క్లాసు మునిగిపోయిందన్నాడు, పిల్లల తండ్రులు తన గుమ్మం ముందు కూర్చున్నారన్నాడు. తరవాత కొన్నాళ్లు ఉలుకూ పలుకూ లేదు. చివరిసారి చేసినప్పుడు గొంతు మెత్తగా ఉంది. "మాష్టారు మళ్లీ ఈ ఊరు రాకపోడు చెల్లెమ్మా. రానీ. అప్పుడు తీరిగ్గా కూర్చుని మాట్లాడుకుంటాం" అన్నాడు. ఆ మెత్తదనానికే హుల్కర్ భయపడింది. కేకలు వేసినప్పుడు ఇంత భయం వెయ్యలేదు.

ఎండాకాలమంతా మాష్టారు ఇంట్లోనే ఉన్నాడు. పేట బడిలో ఆయన చోట ఇంకొకరు చేరిపోయారు. ఆప్రికాట్లు ఆరబెట్టే రోజుల్లో ఒక తెల్లవారుజామున, నిద్రమత్తులోనో ఏమో, అరుగు మీంచి "ఓయ్‌దిన్" అని పిలిచాడు. పిండి పిసుకుతున్న హుల్కర్ నోట ఆలోచన లేకుండా "లబ్బై" అని వచ్చేసింది.

ఆ తరవాత ఇద్దరూ ఆగారు. రెండో గొంతు కోసం ఆగారు. ద్రాక్షపందిరి కింద కొళాయి చుక్క చుక్కగా కారుతోంది. లోపల గదిలో అత్తగారు బుసోరా జపమాల తిప్పుతూ తిప్పుతూ ఆపేసింది. మాష్టారు లేచి, బూట్లు తారుమారుగా తొడుక్కుని, తలుపు తీసుకుని వీధిలోకి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి పొద్దున దగ్గడం కూడా మానేశాడు.

ఎక్కువ రోజులు కాలేదు, ఫోన్ రాగానే సందులోకి వెళ్లి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఒకసారి లోపలికి వచ్చి గోడవైపు చూస్తూ చెప్పాడు.

"పని దొరికింది. ఆ ఊళ్లోనే. స్కూలు వేరు."

హుల్కర్ చేతిలో మాగిన దానిమ్మ ఉంది. దాన్ని పళ్లెంలో పెట్టేసింది.

"ఎవరు పిలిచారు?"

"ఎవరో ఆవిడ. ఆఫీసు మనిషి."

"అంతకుముందు బడి నడిమధ్యలో వదిలేసి ఎందుకు పోయారని అడగలేదా?"

"అడగలేదు."

"డిప్లొమా ఏదని?"

"పాత స్కూల్లో ఉండిపోయిందని చెప్పాను. అదెంత పని, రండి, వెళ్లి తెచ్చుకుందాం అంది."

"తెచ్చుకుందాం అందా, తెచ్చుకోండి అందా?"

మాష్టారు మొదటిసారి ఆమె వైపు తిరిగాడు. "నువ్వెప్పుడు మాష్టారివయ్యావు, మాటల్లో తప్పులు దిద్దుతున్నావు?"

"దిద్దడం లేదు. తెచ్చుకుందాం అంటే వాళ్లూ వస్తారనేగా. ఆ తులెగెన్‌తో వాళ్లకేం పని?"

"ఒక ఊళ్లో స్కూళ్లు. ఒకరికొకరు తెలియకుండా ఉంటారా?"

హుల్కర్ ఆ చివరి ఫోన్ సంగతి మళ్లీ చెప్పింది. తీరిగ్గా మాట్లాడుకుంటాం అన్నాడని చెప్పింది.

"కోపంలో వంద అంటారు."

"కోపం లేదండీ. అదే చెబుతున్నా. కోపం ఉంటే నేనింత అనేదాన్ని కాదు."

"నేను తప్పు చేశాను" అన్నాడు ఆయన. "పరీక్ష ముందు పిల్లల్ని వదిలేసి వచ్చాను. నాలుగు మాటలు పడాల్సి వస్తే పడతాను."

"మాటలేనా?"



పక్కింటి కిమ్యా మాత్రం సంబరపడింది. గోడ మీంచి తల పెట్టి, "వెళ్లనీవే. ఇంట్లో కూర్చున్న మగవాడు ఉప్పెక్కువైందనీ, గిన్నెలు మోగుతున్నాయనీ ప్రాణం తీస్తాడు. అక్కడ గుర్రం మాంసం తిని బుగ్గలు పెంచుకుని వస్తాడు, నువ్వే గుర్తుపట్టలేవు" అంది.

"మా ఆయన అసలు గిన్నెల మాటే ఎత్తడు" అంది హుల్కర్.

"అదింకా ప్రమాదం" అని కిమ్యా నవ్వబోయి, హుల్కర్ మొహం చూసి తల దించుకుంది.

సంచి సర్దుతున్నప్పుడు హుల్కర్ ఉన్ని బనీన్లు మడతపెట్టి ఇస్తోంది. ఆయన పెడుతున్నాడు. వెళ్లొద్దని ఒక్కసారి అడిగితే చాలు అనుకుంది. అడిగింది కూడా, మెల్లగా. ఆయన జిప్పు లాగుతూ లాగుతూ ఆగాడు.

"ఈ పేటలో నన్నందరూ ఓయ్‌దిన్ నాన్న అనే పిలుస్తారు. రొట్టెలవాడు కూడా. అక్కడ మాష్టారంటారు. నాకు ఆ మాట చాలు. ఇక్కడ ఇంకొన్నాళ్లుంటే నాకు మతిపోతుంది."

"మరి ఫోన్ చేసినప్పుడు నన్నేమని పిలుస్తారు?"

బోర్డు మీద కష్టమైన లెక్క చూస్తున్నట్టు చూశాడు.

"పిలవకుండా మాట్లాడతాను" అన్నాడు.

బయల్దేరే పొద్దున అత్తగారు తందూరులోంచి తీసిన వేడి రొట్టె గుడ్డలో చుట్టుకుని వచ్చింది. ప్రయాణమయ్యేవాడు ఒక కొరుకు కొరికి వెళ్లాలి. మిగిలింది గోడకి కట్టి ఉంచుతారు. తిరిగొచ్చి అతనే దాన్ని తినాలి. ఆ రొట్టె మనిషిని లాక్కొస్తుందని అందరి నమ్మకం.

"కొరుకు నాయనా."

"వద్దమ్మా."

"వద్దేమిట్రా, ఇదేం మందా మాకా? కొరుకు."

"పోయినసారి కొరికాను కదమ్మా."

"కొరికావు, తిరిగొచ్చావు."

"వచ్చాను. ఎందుకొచ్చానో చూశావుగా."

ముసలమ్మ చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది. మాష్టారు వంగి తల్లి నుదుటిని తన నుదుటికి తాకించి, సంచి భుజాన వేసుకుని, సందు చివర నిలబడ్డ స్టేషను కారు ఎక్కేశాడు. హుల్కర్ వైపు చూశాడు. నోరు తెరిచాడు. పిలవడానికి మాట దొరకలేదు. కారు వెళ్లిపోయింది.

ఆ రొట్టెని ఏం చెయ్యాలో ఇద్దరు ఆడవాళ్లకీ తోచలేదు. కొరికి ఉంటే గోడకి కట్టేవాళ్లు. కొరకలేదు కాబట్టి అది వట్టి రొట్టె. మధ్యాహ్నానికి అత్తగారు దాన్ని టీలో ముంచుకుని, ముక్క మిగలకుండా తినేసింది.

మర్నాడు హుల్కర్ చీపురు తీసుకుని వాకిట్లోకి రాబోతే అత్తగారు ఆపింది. "వాడు చేరేదాకా చీపురు పట్టకు. వెళ్లినవాడి అడుగులు ఊడ్చినట్టవుతుంది."

శరత్కాలం. సందు పొడుగునా మల్బరీ చెట్లు ఆకు రాలుస్తున్నాయి. మా పేటలో కోడలి మంచీచెడ్డా తెల్లవారేసరికి ఆమె ఊడ్చిన వాకిలే చెబుతుంది. ప్రతి గుమ్మం ముందూ నేల తడిగా, దువ్వినట్టుంటే, ఆ ఒక్క ఇంటి ముందు మాత్రం పసుపు ఆకులు కుప్పపడ్డాయి. దారిన పోయేవాళ్లు తలుపు వైపు చూసి నడక మెల్లగా చేసి వెళ్తున్నారు.

"ఏమే, మీ ఆకులు మా వాకిట్లోకి కాపురానికొస్తున్నాయి" అంది కిమ్యా. "ఇంకా చేరలేదా?"

"రైలు దూరం కదక్కా."

"ఎంత దూరమైనా ఈపాటికి చేరాలే" అనేసి కిమ్యా, అన్నందుకు తనే నాలిక కరుచుకుంది.

ఆ సాయంత్రం ఫోన్ మోగింది. ఎరగని నంబరు. అత్తగారు చేతిలోంచి లాక్కుని చెవికి పెట్టుకుంది. "చేరాను" అన్న మాట హుల్కర్‌కీ వినపడింది. ముసలమ్మ కళ్లు తుడుచుకుని, దేవుణ్ణి తలుచుకుని, ఫోన్ కోడలికిచ్చింది.

"ఈ నంబరెవరిది?" అని అడిగింది హుల్కర్.

"ఇక్కడివాళ్లది. నా ఫోన్ తీసుకున్నారు. సిమ్ మార్చాలట."

"పాస్‌పోర్టు?"

"అదీ వాళ్ల దగ్గరే. ఊళ్లో పేరు రాయించాలన్నారు."

"స్టేషనుకి ఎవరొచ్చారు?"

"తులెగెన్ గారొచ్చారు. స్కూలు ఆయన బావమరిదిదట. నాకిక్కడికి వచ్చాకే తెలిసింది. మర్యాదగానే ఉన్నారు. భోజనం పెట్టారు."

"ఇప్పుడెక్కడున్నారు మీరు? స్కూల్లోనా?"

"కాదు. ఊరి బయట. గని పాత షెడ్ల దగ్గర. గది చూపించారు. క్లాసులు ఎప్పుడో ఇంకా చెప్పలేదు."

"కిటికీలోంచి ఏం కనపడుతోంది?"

"కిటికీ లేదు" అన్నాడు మాష్టారు.

వెనకాల ఎవరో తలుపు తెరిచిన చప్పుడైంది. "చెప్పడం అయిందా మాష్టారూ? బాగున్నానని చెప్పండి, ఇంట్లో కంగారుపడతారు" అని ఒక మగగొంతు, మెత్తగా.

"బాగున్నాను" అన్నాడు మాష్టారు. లైను తెగింది.

హుల్కర్ ఆ నంబరుకి వెంటనే చేసింది. మోగలేదు. మళ్లీ చేసింది. ఫోన్ ఆపేసి ఉందని ఒక ఆడగొంతు రష్యన్‌లో చెప్పింది. మళ్లీ చేసింది. అదే గొంతు.

"ఏమన్నాడు? తిన్నాడటా?" అత్తగారు ఆత్రంగా అడుగుతోంది.

"తిన్నారట."

"అమ్మయ్య. చేరాడు. రేపు పొద్దున్నే లేచి శుభ్రంగా వాకిలి ఊడ్చెయ్. జనం దగ్గర తలెత్తుకోలేకపోతున్నాను."

తెల్లవారింది. హుల్కర్ చీపురు పట్టుకుని తలుపు తీసింది. ఆకులు గుమ్మం ఎత్తు పేరుకుని ఉన్నాయి. సందు వెంట పారే కాలవ పక్కన కిమ్యా బకెట్‌తో నీళ్లు చల్లుతోంది.

"చేరాడటగా. మీ అత్త రాత్రే చెప్పింది. ఇంకేం, మొదలుపెట్టు. నీళ్లు నేను చల్లుతాలే."

హుల్కర్ సందు చివరిదాకా చూసింది. తరవాత చీపురుని గోడకి ఆనించింది.

"చేరలేదక్కా."

"అదేమిటి, ఫోన్ చేశాడుగా."

"ఫోనొచ్చింది. మనిషి చేరలేదు."

కిమ్యా బకెట్ కింద పెట్టింది. లోపల్నుంచి అత్తగారు "ఊడ్చావా, చప్పుడు వినపడదే" అంటోంది. హుల్కర్ చీపురు ఉన్నచోటే ఉంచి, తలుపు బార్లా తెరిచి, గుమ్మం మీద కూర్చుంది. గాలికి ఇంకొన్ని ఆకులు రాలి ఇంటి వైపు దొర్లాయి. ఆమె కాళ్లు దగ్గరికి తీసుకుని వాటిని లోపలికి పోనిచ్చింది.