ఈలలో చీమ

రైలు గార్డు హెబ్రోనుగారి ఈలలో చీమలు దూరేవి. లోకంలో బెల్లమూ చక్కెరా కరువైనట్టు, గూడూరు చీమలన్నీ ఆయన జేబులోని ఇత్తడి ఈలనే వెతుక్కుంటూ వచ్చేవి.

ఉద్యోగం నుంచి దిగిపోయి నాలుగేళ్లయినా, ఆయన ఈల వేసి పచ్చజెండా ఊపనిదే ఆ ఇంట్లో ఏదీ కదలకూడదు. చర్చికి వెళ్లే జట్కా అయినా సరే. ఒక ఆదివారం అందరూ ఎక్కి కూర్చున్నాక ఆయన ఈల నోట పెట్టారు. బుగ్గలు పూరీల్లా పొంగాయి. చప్పుడు లేదు.

"ఏందయ్యా, ఆడ ఆరాధన అయిపోతా ఉండాది!" అంది భార్య రూతమ్మ.

"చీమ దూరినాదే. రోంత ఆగు."

ఈలను అరచేతిలో తట్టారు. ఎండకెత్తి చూశారు. మళ్లీ తట్టారు. ఈలోగా పక్కింటి పేరమ్మ చెప్పులు చేతపట్టుకుని పరుగున వచ్చి జట్కా ఎక్కింది. ఈల కుయ్యిమంది.

అల్లుడు విజయభాస్కర్ నెల్లూరులో సైన్సు మేష్టారు. చీమ కథ అతనికి మింగుడుపడలేదు. "లోపలి బెండుగోళీ అరిగిపోయుంటుంది మామయ్యా," అని తేల్చి, 1962 క్రిస్మస్‌కు మద్రాసు నుంచి కొత్త ఈల తెప్పించాడు. "దీంట్లో చీమ దూరే సందే లేదు."

"సంతోషం నాయనా," అని హెబ్రోనుగారు దాన్ని కళ్లకద్దుకున్నారు.

నిజానికి అల్లుడి మనసు ఈల మీద లేదు. కూతురు సువార్తకు ఏడాదిన్నర నిండింది, ఇంకా నడవలేదు. గోడ పట్టుకుని నిలబడుతుంది, అంతే. కంగారేమీ లేదని డాక్టరు చెప్పినా, పుస్తకం ఇంకోలా చెప్పింది. అందుకని ప్రతి ఆదివారం దారం పెట్టి పిల్ల కాళ్లు కొలిచేవాడు. కాళ్లు రెండూ సమానంగానే ఉండేవి. అతని గుండే కుదురుగా ఉండేది కాదు.

ఇప్పుడు పండగ మధ్యాహ్నం వచ్చిపడింది. ఆ ఇంటి ఆనవాయితీ ఏమిటంటే, ఏసు పుట్టిన పశువుల పాక బొమ్మ చుట్టూ పట్టాలు పరిచి, కీ ఇచ్చే రేకు రైలును నిలబెడతారు. పక్కన రంగు చెక్క ఇటుకలతో స్టేషను కడతారు. పెద్దల నుంచి పిల్లల దాకా తలా ఒక ఇటుక. అందరికంటే చిన్నవాళ్లది చివరి ఇటుక. తరవాత ఈల, పచ్చజెండా, రైలు ఒక చుట్టు. ఆ తరవాతే పలావు.

పోయిన ఏడు సువార్త తల్లి ఆనందకుమారి చంకలో ఉండి ఇటుక పెట్టింది. ఈసారి ఎర్ర ఇటుక పట్టుకుని అవతలి గోడ దగ్గర నిలబడి ఉంది. చుట్టాలందరి చూపూ పిల్ల మీదే.

"ఇంకా నడవలేదా బిడ్డ? మావోడు పదో నెలకే పరిగెత్తినాడు," అంది పేరమ్మ.

విజయభాస్కర్ గబుక్కున లేచాడు, పిల్లను ఎత్తుకొచ్చి గండం దాటిద్దామని. అతని రొమ్ముకు అడ్డంగా ఎర్రజెండా వచ్చింది.

"లైను మీదికి రాకూడదు అల్లుడూ."

హెబ్రోనుగారు కొత్త ఈల నోట పెట్టారు. బుగ్గలు పొంగాయి. చప్పుడు లేదు.

"చీమ దూరినాది."

"పొద్దున్నేగా మామయ్యా పెట్టె విప్పింది!"

"మద్రాసు చీమ," అన్నారాయన గంభీరంగా, ఈలను తడుతూ.

పిల్లలు ఆకలని గోల పెడుతున్నారు. విజయభాస్కర్ అత్తగారి వైపు వంగాడు. "నిజంగా చీమేనా అత్తయ్యా?"

రూతమ్మ నవ్వు ఆపుకుంది. "ముప్పై ఏండ్లుగా చూస్తా ఉండా నాయనా, ఒక్క చీమా కనపడలా. సూళ్లూరుపేటలో చేపల గంపలెత్తుకొని ఆడోళ్లు పరిగెత్తతా వస్తే చాలు, ఈయన ఈల్లో చీమ దూరేది. పైవోళ్లతో ఎన్ని తిట్లు తిన్నాడో!"

అప్పటికి సువార్త గోడ వదిలేసింది. ఒక అడుగు వేసి చతికిలబడింది. తండ్రి ముందుకు ఉరికాడు. ఎర్రజెండా లేచింది. అతను ఆగిపోయాడు.

పిల్ల మళ్లీ లేచింది. ఇంట్లో ఈలను తట్టే చప్పుడొకటే. బాతుపిల్లలా ఊగుతూ ఊగుతూ వచ్చి, పిల్ల ఇటుకను స్టేషను నెత్తిన ధడేలుమని పెట్టింది. స్టేషను సగం కూలింది.

అప్పుడు మోగింది ఈల, పలావు గిన్నె మూత అదిరేలా. పచ్చజెండా ఊగింది. రైలు కదిలింది.

విజయభాస్కర్ కూతుర్ని ఎత్తుకున్నాడు.

"ఏదీ మామయ్యా, ఆ చీమ?"

హెబ్రోనుగారు ఈల లోపలికి ఒక కన్నుతో తొంగి చూశారు.

"దిగిపోయినాది నాయనా. దాని స్టేషనొచ్చినాది."