శబ్దం లేని గదిలో సువార్త ఇంటర్వ్యూ

2011లో నేను కోరుట్లలో ఒక చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రిలో ఆడియోమెట్రీ టెక్నీషియన్‌ని. ఆడియోమెట్రీ అంటే వినికిడి పరీక్ష. చెక్కతో, స్పాంజితో చేసిన బీరువాలాంటి గదిలో మనిషిని కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, గాజు కిటికీ ఇవతల నుంచి రకరకాల శబ్దాలు పంపిస్తాం. వినబడితే వేలెత్తాలి. ఈ పని నాకు నేర్పింది మా డాక్టరుగారు. చెవి లోపల ఏముందో నేర్పింది మాత్రం శాఖా గ్రంథాలయం. ఇంటర్‌తో చదువు ఆగిపోయిన నేను అక్కడి శరీరశాస్త్రం పుస్తకాన్ని అట్ట ఊడేదాకా చదివాను. నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియా గురించి అడిగిన వాళ్లకూ చెప్పేదాన్ని, అడగని వాళ్లకూ చెప్పేదాన్ని.

సువార్త పరిచయమైంది ఆ గ్రంథాలయంలోనే. డిగ్రీ రెండో ఏడు. తండ్రి దావీదు సిరిసిల్లలో మరమగ్గం నడుపుతాడు. పిల్ల కోరుట్లలో పెద్దమ్మ ఇంట్లో ఉండి చదువుకుంటోంది. కూలి కుటుంబాల నుంచి, చిన్న ఊళ్ల కాలేజీల నుంచి వచ్చే డిగ్రీ పిల్లలకు హైదరాబాదులోని ఒక పరిశోధనా సంస్థ వేసవి రెండు నెలలు తమ ప్రయోగశాలలో పని నేర్పుతుందని ఇంగ్లీషు పేపర్లో చూసి, ఆమెకు చూపించింది నేనే. వాళ్ల కాలేజీలో మైక్రోస్కోపు పరీక్షల రోజున మాత్రమే బీరువాలోంచి బయటికి వచ్చేది. ఈ సీటు వస్తే రెండు నెలలు దాని ముందే కూర్చోవచ్చు. రాకపోతే వేసవంతా ఇంట్లో మగ్గాలకు నూలు కండెలు చుట్టడమే.

ఎంపిక చేసేది ఫోన్ ఇంటర్వ్యూతో. సరిగ్గా ఆ రోజునే తెలంగాణ బంద్ పడింది. పెద్దమ్మ ఇంటి ముందు టెంటు వేశారు. డప్పులు, మైకు, పాటలు. ఊరంతా అదే హోరు. నిశ్శబ్దం అన్నది కోరుట్లలో నా చెక్క గదిలో తప్ప ఎక్కడా లేదు. అందుకే పొద్దున్నే సంస్థకు ఫోన్ చేయించి ఆసుపత్రి ల్యాండ్‌లైన్ నంబరు ఇప్పించాను. ఆ ఆలోచనకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

డాక్టరుగారు జగిత్యాల నుంచి రాలేకపోయారు. దావీదు మాత్రం సిరిసిల్ల నుంచి మోటారు సైకిలు మీద వచ్చాడు, కూతురు పోరు పెట్టి వినికిడి పరీక్షకు రప్పించింది.

"రుద్రంగి కాడ రోడ్డు మీదనే వంటలు చెల్లె. తింటేనే బండి పోనిస్తమన్నరు బందోళ్లు. తిన్న, వచ్చిన" అన్నాడు.

గదిలో కూర్చోబెట్టి మైకులో ఒక్కో మాట పలికాను. అన్నీ తప్పులేకుండా తిరిగి చెప్పాడు. సన్నని శబ్దాలు పంపితే మాత్రం వేలు కదల్లేదు. అనుమానం వచ్చి, మూతికి అట్ట అడ్డం పెట్టుకుని మళ్లీ మాటలు పలికాను.

"ఏంది చెల్లె, ముఖం దాస్తున్నవ్? మాట్లాడు మరి!"

మగ్గాల మోతలో మాట వినబడదు కాబట్టి అక్కడి పనివాళ్లు ఒకరి పెదవులు ఒకరు చూసి మాట్లాడుకుంటారు. ఇరవై ఏళ్లుగా ఆయన వింటున్నది కళ్లతోనే.

"అన్నా, నీకు చెవి మిషన్ పెట్టాలె."

"నా చెవులకు ఏం రోగం? గా మిషన్ పెట్టుకపోతే సాంచాల కాడ అందరు నవ్వుతరు" అని లేచి బయటికి వచ్చాడు. సాంచ అంటే మరమగ్గం.

అంతలో ఫోన్ మోగింది. తలుపు సందులోంచి వైరు లాగి సువార్తను లోపల కూర్చోబెట్టాను. అంతకుముందు వారం రోజులు ఆమెకు మూలకణాల గురించి నూరిపోశాను. కాక్లియాలో చచ్చిపోయిన కణాలను మళ్లీ ఎలా పుట్టించవచ్చో, ఒక పత్రికలో చదివింది చదివినట్టు.

శబ్దాన్ని మింగేసే గదిలో మన గొంతు మనకే నీరసంగా వినబడుతుంది, దాంతో ఇంకా గట్టిగా మాట్లాడతాం. ఇది పుస్తకంలో చదివే ఉన్నాను. ఆ పూట గుర్తు రాలేదు. సువార్తది అసలే మగ్గాల ఇంటి గొంతు. తలుపు మూసి ఉన్నా హోరు వినబడుతోంది, మాటలే తెలియడం లేదు.

చెవిపోటుతో బుగ్గారం నుంచి వచ్చి బంద్‌లో చిక్కుకున్న ఒక అవ్వ బెంచీ మీద ఉంది. "ఎవలతోని కొట్లాడుతుంది పొల్ల?" అంది.

దావీదు కిటికీలోంచి చూస్తూ కూతురి పెదవులు చదివి మాకు చెప్పసాగాడు. "మూలకణాలంటది... మళ్ల మూలకణాలే అంటది... ఇగ ఆగింది. మరిచినట్టుంది."

నేను కిటికీ దగ్గరికి జరిగాను.

"సార్, నేను కొట్లాడుతలేను సార్, అంటది" అన్నాడు దావీదు. "మా ఇంట్ల అందరం గిట్లనే మాట్లాడుతం అంటది. మా ఊరి తెలుగుల చెప్పొచ్చా అంటది."

"చెప్పనీ, చెప్పనీ" అంది అవ్వ.

"సాంచాల నడుమ పుట్టిన అంటది. మగోళ్లు సాంచాల కాడ ఉంటరు, ఆడోళ్లు పక్క గదిల కండెలు చుడుతరు, ఎవల చెవులు ముందు పోతయో ఎవలన్న చూసిన్రా సార్, అంటది. నేను చూస్త అంటది." ఆయన గొంతులో గర్వం పొంగింది. "మా నాయిన, అంటది..." అని ఆగిపోయాడు.

లోపల సువార్త ఇంకా మాట్లాడుతోంది. ఈసారి మెల్లగా.

"ఏమంటుందిరా?" అంది అవ్వ.

"ఏమో అవ్వా. అద్దం మసకున్నది, అవుపడుతలేదు."

ఆ అద్దం పొద్దున నేనే తుడిచాను.

సువార్త చెమటతో బయటికి వచ్చింది. "అక్కా, మూలకణాలు ఆగమైనయి. ఏమో ఏమో చెప్పిన."

"మీ నాయిన గురించి ఏం చెప్పినవ్?"

తండ్రికి పెదవులు కనబడకుండా అటు తిరిగింది. "నేను ఎనుకకు తిరిగి మాట్లాడితే, మా నాయినకు నేను ఇంట్ల లేనట్టే, అని చెప్పిన."

కొన్ని వారాలకు మళ్లీ ఫోన్ వచ్చింది. సువార్తకు సీటు ఇచ్చారు. గట్టిగా మాట్లాడిన అమ్మాయేనా అని రెండుసార్లు అడిగి మరీ చెప్పారు. మూలకణాల ఊసు ఎత్తలేదు.

ఆమె హైదరాబాదు పోయే ముందు దావీదు ఒక్కడే వచ్చాడు. కాసేపు గోడ మీది కాక్లియా బొమ్మ చూశాడు. నేను వివరించబోతే ఆపాడు.

"ఫోన్ల పెదవులు అవుపడయి గద చెల్లె. రెండు నెలలు బిడ్డ మాట ఎట్ల ఇనాలె? గా మిషన్ పెట్టు."

డాక్టరుగారు రాసిచ్చిన మిషన్ పెట్టి, అలవాటు చేశాను. సువార్త హాస్టల్ చేరిన మర్నాడు దావీదు ఆసుపత్రికి వచ్చి నా ముందే ఫోన్ చేశాడు, మిషన్ పనిచేయకపోతే అక్కడికక్కడే తిరిగి ఇచ్చేద్దామని. అవతల కూతురు "నాయినా" అని ఒక్క కేక పెట్టింది. ఆయన ఉలిక్కిపడి ఫోన్‌ను మూరెడు దూరం జరిపాడు.

"మెల్లగ మాట్లాడు బిడ్డా! నేనేమన్న చెవిటోన్నా?"

వినికిడి ఎంత తగ్గిందో మా పరీక్ష చూపిస్తుంది. మనిషి మిషన్ ఎందుకు పెట్టుకుంటాడో చూపించదు, గ్రంథాలయంలో నేను చదివిన ఏ పుస్తకమూ చెప్పలేదు. అప్పటి నుంచి హెడ్‌ఫోన్లు పెట్టకముందే నేను ఒక ప్రశ్న అడుగుతున్నాను: "ఎవరి మాట వినాలని ఉంది?"