కుడి కణత మీద మాత్ర

స్కానింగ్ విభాగంలో ఆమెను అందరూ చాదస్తం అక్క అంటారు. ఆరు ఆసుపత్రులు కలిసి చేస్తున్న మెదడు పరిశోధనకు తమ ఆసుపత్రి స్కాన్ బొమ్మలు పంపడం ఆమె పని. పేర్లు తీసేసి, ముఖం ఆనవాళ్ళు చెరిపి, మూడేసిసార్లు చూసుకుని గానీ పంపదు. యంత్రంలోకి వెళ్ళే ప్రతి మనిషికీ కుడి కణత మీద చేపనూనె మాత్ర ఒకటి టేపుతో అంటిస్తుంది. బొమ్మలో అది తెల్లటి చుక్కగా పడి, కుడి ఏదో ఎడమ ఏదో చెబుతుంది.

ఆ ఉదయం కుర్చీలో కూర్చుందో లేదో, ఆరు చోట్ల బొమ్మలనూ కలిపి పరిశీలించే విశ్లేషకుడు ఫోన్ చేశాడు.

"మేడమ్, ఏమీ అనుకోకండి. మాటలకు పనిచేసే భాగం మిగతా ఐదు చోట్లా ఎడమవైపే వెలుగుతోంది. మీ దగ్గర మాత్రం నాలుగు నెలల్నుంచి కుడివైపు. మీ వాళ్ళకి తలకాయలు గానీ తిరగబడ్డాయా ఏంటి?"

అతను నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు. యంత్రంలోని అసలు బొమ్మ తెరిచింది. మాత్ర కుడివైపే ఉంది. పంపిన నకలు తెరిచింది. ఎడమవైపు! నాలుగు నెలల కిందట నకళ్ళు తీసే ప్రోగ్రాం కొత్తది పెట్టారు. అది కుడిని ఎడమ చేసేసింది. ఆమె మూడేసిసార్లు చూసింది పేర్లనూ ముఖాలనూ గానీ మాత్రను కాదు.

అప్పుడు పిన్ని గుర్తొచ్చింది. పిన్ని మెదడులో ఎడమవైపు గడ్డ. పరిశోధన కోసం తీసిన మాటల పటం ఒకసారి చూస్తానని సర్జన్ అడిగితే, కిందటి వారం ఆమే నకలు నుంచి అచ్చు తీసి ఇచ్చింది. అందులో గడ్డ కనబడదు, మాటల చోట్లు మాత్రమే. "మాటలు కుడివైపున్నాయిగా, ధైర్యంగా లోతుకు వెళ్ళొచ్చు" అన్నాడాయన. ఆపరేషను ఇవాళే, పదింటికి. ఇంకా పన్నెండు నిమిషాలుంది.

థియేటర్ ఫోన్ ఎవరూ ఎత్తలేదు. లిఫ్ట్ రాలేదు. నాలుగంతస్తులూ పరుగున ఎక్కింది. అమ్మ పోయాక తనను కబుర్లతోనే పెంచిన మనిషి, ఇక నోరు మెదపలేకపోతే?

సర్జన్ చేతులు కడుక్కుంటున్నాడు.

"డాక్టరుగారూ, ఆగండి! నేనిచ్చిన పటం తప్పు. మాటలున్నది ఎడమవైపే, గడ్డ పక్కనే!"

ఆయన ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. కుళాయి కట్టేసి, "ఇవాళ వద్దు" అన్నాడు.

స్ట్రెచర్ మీద పిన్ని తల తడుముకుంది. "ఇప్పుడా చెప్పేది? జుట్టంతా గొరిగేశాక!"

విభాగాధిపతి ఆమెను పక్కకు పిలిచాడు. "గండం గడిచిందిగా. నకళ్ళు మెల్లిగా మార్చేద్దాం. ఊరంతా చాటింపెందుకమ్మా?"

ఉద్యోగం పోవచ్చని తెలిసే ఐదు చోట్లకీ రాసింది: "తప్పు మాది. మా బొమ్మలు వాడకండి. మీవీ చూసుకోండి." మూడో రోజు ఒక చోటినుంచి జవాబొచ్చింది. అక్కడా కిందటి వారమే ఆ కొత్త ప్రోగ్రాం పెట్టారట, ఇంకా పంపని బొమ్మలు తిరగబడ్డాయట. అక్కడా ఒక సర్జన్ చేతిలో అలాంటి పటమే ఉందట. సమయానికి ఆపారు.

ఆమె ఉద్యోగం జోలికి ఎవరూ రాలేదు. మరుసటి వారం పిన్నిని మెలకువగా ఉంచి, మాట్లాడిస్తూ, మాట తడబడ్డ చోట ఆగుతూ ఆపరేషను చేశారు. కాస్త గడ్డ వదిలేయాల్సి వచ్చినా మాట దక్కింది. ఆ మూడు గంటలూ ఆమె తలుపుకు చెవి ఆనించి నిలబడింది. లోపల పిన్ని గొంతు ఆగినప్పుడల్లా ఆమె ఊపిరీ ఆగింది.