డ్రమ్ములో అక్క చీర

మొన్న కడపలో వాద్యాల అంగడికి పోయి బేస్ డ్రమ్ముకు కొత్త హెడ్డు, అదే దెబ్బ తగిలే పొర, కావాలంటే, నా ఈడు అంగడాయన రెండు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి సాదా ప్లాస్టిక్ పొర, రెండోదానికి లోపలి అంచు చుట్టూ మెత్తటి పట్టీ ఉంది, మోత దానంతటదే అణుగుతుందట. "ఇది తీసుకోప్పా, లోపల గుడ్డలు గిడ్డలు కుక్కే పనే ఉండదు" అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడు గానీ, నేను ఆ పట్టీని వేలితో తడుముతూ నిలబడ్డాను.

పెండ్లిండ్ల ఆర్కెస్ట్రాలు ఎరిగిన నా వయసువాళ్ళకు తెలిసే ఉంటుంది, బేస్ డ్రమ్ము ఉత్తగా ఉంటే కాలితో పెడల్ తొక్కిన ప్రతిసారీ మోగిన మోత ఓ పట్టాన ఆగదు, అందుకని లోపల ఏ పాత దుప్పటో మడిచి పెట్టుకునేవాళ్ళం. నా డ్రమ్ములో ఉన్నది మా అక్క చీర. ఒంటిమిట్ట దగ్గర మాది సేద్యం చేసే ఇల్లు, చదువుకునే రోజుల్లో నేను పాత డ్రమ్ముల సెట్టొకటి తెచ్చి కొట్టంలో దించితే మా నాయన మండిపడ్డాడు. "సేద్యగాళ్ళ ఇంట్లో ఈ వాయించే పనేందిరా, ఇంగొకసారి సద్దు ఇనపడితే బాయిలో యేస్తా" అన్నాడు, అన్నంత పనీ చేసే మనిషే. అక్క తన నేత చీర తెచ్చి, మడతలు వేసి డ్రమ్ములో పెట్టింది. తీరా చూస్తే అది గంజి పెట్టిన చీర, తొక్కినప్పుడల్లా లోపల బరబరమంటుంటే ఇద్దరం నవ్వాపుకోలేక చచ్చాం. మరునాడు గంజి పోయేదాకా ఉతికి, ఆరబెట్టి, మళ్ళీ తెచ్చి పెట్టింది. నాయన చెవిన పడకుండా నేను వాయించడం నేర్చుకున్నది ఆ చీర పుణ్యానే.

తర్వాత అక్కను డోన్‌లో ఇచ్చి పెండ్లి చేశారు. ఫోన్ చేసినప్పుడల్లా పిల్లల సంగతులూ వానల సంగతులూ అయ్యాక, "నా చీర యాడుండాదిరా?" అని అడిగేది, "డ్రమ్ములోనే ఉండాదిక్కా, పని చేస్తాండాది" అనేవాణ్ణి, అవతల నవ్వు వినపడేది. పోయిన ఎండాకాలం అక్క పోయింది. ఈమధ్య పెడల్ దెబ్బ తగిలే చోట హెడ్డు చిరిగిపోతే విప్పి చూశాను. రంగంతా పోయిన చీర, ఆమె వేసిన మడతల్లోనే ఉంది. ముఖానికి ఆనించుకుంటే దుమ్ము వాసన తప్ప ఇంకేమీ లేదు, ఈ వయసులో వెక్కి వెక్కి ఏడ్చాను.

అందుకే అంగట్లో సాదాదే ఇమ్మన్నాను. "అది శానా మోగుతాదప్పా" అన్నాడాయన. మోగనీలే అన్నాను. పట్టీ ఉన్నది కొంటే అక్క చీరకు పనేముంటుంది? ఇప్పుడు ఎంత గట్టిగా వాయించినా నన్ను వద్దనేవాళ్ళు లేరు, నాయన ఎప్పుడో వెళ్ళిపోయాడు, స్పీకర్ల మోతతో ఊరే అదురుతుంటే నా డ్రమ్ము ఎవరికి అడ్డం? చప్పుడు దాచుకోవలసిన రోజులూ పోయాయి, దాచిపెట్టిన మనిషీ పోయింది. ఇంటికొచ్చి, మడత నలగకుండా చీరను లోపల పెట్టి, కొత్త హెడ్డు బిగించి పెడల్ తొక్కాను. నాయనకు వినపడనంత మెత్తగా మోగింది.