ముందు వరుసలో ఒక కుర్చీ

మా చిన్నప్పుడు మా ఊరు ఎల్లారెడ్డి వార్తలు మధ్యాహ్నం రెండు గంటల బస్సెక్కి కామారెడ్డికి వెళ్లేవి... బాపు, అంటే మా నాన్న, ఒక దినపత్రికకు మా ఊరి విలేకరి. తెల్లకాగితాలపై రాసిన వార్తలను ఖాకీ కవరులో పెట్టి, అంటించి, కండక్టరు చేతికి ఇచ్చేవారు. కామారెడ్డి బస్టాండులో పత్రికవాళ్లు అందుకునేవారు.

ఆ బస్సు తప్పితే మర్నాటి పేపరులో వార్త ఉండదు. అందుకని సాయంత్రం జరగబోయే సభను బాపు పొద్దున్నే 'ఘనంగా జరిగింది' అని రాసేసేవారు... ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే. సభలు కూడా ఆయన రాసినట్టే జరిగేవి.

నా దస్తూరి బాగుంటుందని, వార్తలు తిరగరాసి సాపు చేసే పని నాకు అప్పగించారు. అప్పుడు ఆరో తరగతి.

ఒకరోజు సాయంత్రం నాలుగింటికి మా లెక్కల మాస్టారు ఖాదర్ సారుకు పదవీ విరమణ సన్మానం. బాపు చెప్పింది చెప్పినట్టు రాశాను... చివర నా సొంతంగా ఒక వాక్యం చేర్చాను. 'సారు తల్లి ముందు వరుసలో కూర్చుని, కొడుకును చూసి మురిసిపోయారు.' "మా అమ్మీ గూడ వస్తది" అని సారే తరగతిలో చెప్పారు మరి. బాపు చదివి, "మంచిగ రాసినవ్ బిడ్డా" అని కవరు అంటించారు.

మూడున్నరకు బడి ఆవరణలో కుర్చీలు వేస్తుండగా తెలిసింది... సారు తల్లి భోజనం చేసి పడుకుని, మళ్లీ లేవలేదు.

వేసిన కుర్చీలు ఎత్తేశారు. కవరు అప్పటికే వెళ్లిపోయింది.

బాపు నన్ను వెంటబెట్టుకుని ఎస్టీడీ బూత్‌కు వెళ్లారు. కామారెడ్డి నంబరు ఎంతకూ కలవదు... చివరికి కలిస్తే, అటువైపు మనిషి "కవరు ప్రెస్సుకు పోయిందన్నా... చెప్పి చూస్త" అని పెట్టేశాడు. ఆ 'చూస్త' ఒక్కటే పట్టుకుని ఇంటికి వచ్చాం. బాపు కంచం ముందు కూర్చుని, రెండు ముద్దలకే చేయి కడుక్కున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు... అంటే బాగుండుననిపించింది.

తెల్లారి మొదటి బస్సులో పేపర్ల కట్ట దిగింది. బాపు అక్కడే విప్పించారు. జిల్లా పేజీలో, అడుగున... నా వాక్యంతో సహా అచ్చయింది.

అటునుంచి అటే సారు ఇంటికి వెళ్లాం. పేపరు కుర్రాడి సైకిలు మీద పేపరు మాకంటే ముందే చేరింది. వాకిట్లో ఒకాయన, "ఏంది నర్సింలన్నా, జరగని మీటింగుల లేని మనిషిని కూసోబెట్టినవ్?" అన్నాడు. బాపు తల దించుకున్నారు.

సారు బయటికి వచ్చారు.

"తప్పయింది సార్. రేపు సవరణ వేయిస్త."

సారు పేపరు తీసుకుని, కళ్లద్దాలు సర్దుకుని, నెమ్మదిగా చదివారు. చివరి వాక్యం దగ్గర ఆగిపోయారు.

"ఏమని వేయిస్తవ్ నర్సింలూ... మా అమ్మీ కూసోలేదనా?"

సారు ఆ వాక్యంపై వేలు పెట్టారు.

"ఈ మాట ఎవలు రాసిన్రు?"

నేను బాపు వెనక నుంచి ముందుకు వచ్చాను. సారు నా తలపై చేయి పెట్టారు.

"సవరణ వద్దు. నలభై దినాలు పోనీ... అప్పుడు చేయండ్రి సన్మానం. అమ్మీ కుర్చీ ముందుట వేయండ్రి. బిడ్డ రాసింది అబద్ధం కావద్దు."

అలాగే జరిగింది. ముందు వరుసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంచారు. శాలువా కప్పుతున్నంతసేపూ సారు దానివైపే చూశారు. బాపు జేబులోంచి కలం తీయలేదు... ఆ వార్త ఎప్పుడో వచ్చేసింది కదా.

ఆ తర్వాత బాపు జరగని సభను రాయలేదు. మా ఊరి వార్తలు ఒకరోజు ఆలస్యమయ్యేవి. 'పాచిపోయిన వార్తలు' అని ఎగతాళి చేసినా ఊరుకున్నారు. నేనిప్పుడు రక్తపరీక్షల నివేదికలపై సంతకం చేసే ఉద్యోగంలో ఉన్నాను. ఫలితం కళ్లారా చూసేదాకా కలం మూత తీయను.

ఇప్పుడు సభ ముగియకముందే వార్త ఫోనులోకి వచ్చేస్తోంది. తప్పయితే నిమిషంలో చెరిపేస్తున్నారు... తెల్లారి ఒకరి వాకిట్లో నిలబడి ఒప్పుకోవాల్సిన పని లేదు. తలపై చేయి పెట్టేవారూ లేరు.

మీ ఊరి వార్తల కవరు ఏ బస్సులో వెళ్లేది... గుర్తుంటే కింద రాయండి.